పాటు వేళ ప్రయాణం

మంగరాజు తిరిగొచ్చిన రోజు మొదలు అమ్మాజీకి తల్లి ఆదెమ్మ మీద ఒళ్ళు మండిపోతోంది. తాను ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఊరొదిలి పోయిన తండ్రి, ఇన్నేళ్ళకి ఎర్ర తలపాగా చుట్టుకుని, మిఠాయి పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అలాంటి మనిషికి ఆదెమ్మ పీట వేయలేదు, మంచినీళ్ళివ్వలేదు. వల అల్లుతున్న చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా, "ఎందుకొచ్చేవు?" అని మాత్రం అడిగింది. పక్కింటి కుక్కనైనా అంతకంటే మర్యాదగా అదిలిస్తారు.

మంగరాజుకి కోపం రాలేదు. నవ్వాడు. పొట్లం గుమ్మం దగ్గర పెట్టి, "నా బంగారు తల్లి ఎంతెదిగిపోయింది!" అని కూతురి తల నిమిరి, పేట చివర ఖాళీగా ఉన్న పాకలో దిగాడు. ఆ ఒక్క మాటకే అమ్మాజీ కరిగిపోయింది. ఆదెమ్మ కూతుర్ని కష్టపడి పెంచిందే గాని బంగారమని ఏనాడూ పిలవలేదు. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకి పోయే మనిషికి ముద్దుమాటలు ఎక్కడ తట్టి చస్తాయి? ముద్దుమాటలన్నీ తీరుబడిగా తిరిగేవాళ్ళ దగ్గరే పోగుపడి ఉంటాయి.

గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగకి కాస్త ఎగువన, పడవల మీదా వలల మీదా బతికేవాళ్ళ పేట అది. ధవళేశ్వరం దగ్గర దొరలు ఆనకట్ట కట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆనకట్ట పడ్డాక ఏరు మనసు మార్చుకుందనీ, నిన్న నిలువు లోతున్న చోట నేడు ఇసక మేట వేస్తోందనీ పేటలో ముసలివాళ్ళు ఒకటే సణుగుడు. ఏరు ఎంత మారినా మారనిది ఒకటుంది. పోటొస్తే సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కుతాయి, పడవలు ఎగువకి పోతాయి. పాటు తీస్తే నీళ్ళు వెనక్కి లాగుతాయి, పడవలు మొగ వైపు దిగుతాయి. ఇది పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పాటుకి ఎదురు తెడ్డు వేసి ఎగువకి పోదామనుకునే తెలివితక్కువ వెధవ అక్కడ ఒక్కడూ పుట్టలేదు.

మంగరాజు రోజూ వచ్చేవాడు. తల్లి ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చేవాడని అమ్మాజీకి అప్పుడు తోచలేదు. కోరంగి రేవులో ఓడల గురించి, తెరచాపల గురించి చెప్పేవాడు. ఒకనాడు ఎగువనున్న మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణం ఎత్తుకున్నాడు.

"పెళ్ళీడుకొస్తన్నావు. సామి కల్యాణం చూసిన పిల్లకి బంగారం లాంటి మొగుడొస్తాడే. మీ అమ్మ తీసుకెళ్ళిందా ఏనాడైనా?"

తీసుకెళ్ళలేదు. ఆ సాయంత్రం అమ్మాజీ తల్లిని అడిగింది. ఆదెమ్మ ఒకటే మాట అంది. "ఆ మనిషితో నువ్వు గడప దాటడానికి ఈల్లేదు."

"ఏం? ఎందుకు? అయ్యేం చేసేడు నిన్ను?"

ఆదెమ్మ ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ లోపలికి వంగిపోయి ఉంటాయి. రేవులో రెండు పడవల మధ్య పడి నలిగాయని కూతురికి ఎప్పుడూ చెప్పేది. ఆ చెయ్యి కొంగులో దాచుకుని, "ఏం చెయ్యలేదు. చెప్పింది చెయ్యి," అంది.

"నీ నోటికి జడిసే పోయుంటాడు అయ్య! నీ మొహం చూసి ఎవరుంటారు?"

ఆదెమ్మ వల ముందేసుకుని మళ్ళీ అల్లడం మొదలెట్టింది. అక్కడైనా చెప్పి ఉండవలసింది. మొగుడు చేసిన పాడుపని కడుపులో దాచుకోవడం ఏదో పుణ్యమన్నట్టు ఆడవాళ్ళకి నూరిపోసిన వాళ్ళని ఏమనాలో నాకు తెలియదు. ఆ పుణ్యం పిల్లని ఎక్కడికి తీసుకెళ్ళబోయిందో వినండి.

మర్నాడు ఆదెమ్మ సంతకి పోగానే మంగరాజు వచ్చాడు. మగవాళ్ళంతా దిగువన వలలు లాగుతున్నారు. పండక్కి దాచుకున్న కొత్త పరికిణీ కట్టుకుని అమ్మాజీ రేవుకి పరిగెత్తింది. చిన్న పడవ, అందులో మూట ఒళ్ళో పెట్టుకుని ముసుగు కప్పుకున్న ఒక ఆడమనిషి. దూరపు చుట్టమనీ, సామి దర్శనానికేననీ చెప్పాడు మంగరాజు. పడవ కట్టు విప్పి తెడ్డు పట్టుకున్నాడు.

అమ్మాజీ చూపు నీళ్ళ మీద పడింది. రేవులో కట్టేసి ఉన్న పడవల ముక్కులన్నీ ఎగువకి తిరిగి ఉన్నాయి. రేవు గుంజల మీద తడి గీత నీళ్ళ పైన జానెడు తేలింది. నురగ మొగ వైపు పరిగెడుతోంది. అయ్యో, అయ్య పాపం ఊళ్ళో లేక మర్చిపోయాడు అనుకుంది. ఆ పిల్లకి మొదట కలిగింది జాలే.

"అయ్యా, పాటు తీసేసిందే. ఇప్పుడు పైకెలా ఎల్తాం? పోటొచ్చేదాకా ఆగుదాం."

"కాస్త కిందికి పోయి వేరే పాయలోంచి ఎల్దాంలే."

"కింద పాయ లేదయ్యా. మొగే."

మంగరాజు తెడ్డు ఇంకా గట్టిగా వేశాడు. ముసుగులో మనిషి చెప్పింది, పాపం పిల్లకి దారి తెలియదేమోనని. "మొగ దాటితేనే గదమ్మా ఓడ. మోరీసు దీవి చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కే ఎల్లాలంట గదా."

"నువ్వు నోర్ముయ్!" అని కసిరాడు మంగరాజు.

అమ్మాజీ లేచి నిలబడింది. గట్టు ఇంకా దగ్గర్లోనే ఉంది. మంగరాజు ఒక చేత్తో తెడ్డు వదలకుండా, రెండో చేత్తో దాని ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. పడవ అంచు మీద ఆనించి, చివరి రెండు వేళ్ళూ వెనక్కి వంచాడు. తొందరేమీ లేదు. ఎంత వంచితే ఎంత నొప్పి పుడుతుందో బాగా తెలిసినవాడిలా, మెల్లగా వంచాడు.

"కూకో."

కూర్చుంది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నా అది చూస్తున్నది ఒకటే, ఏ వేళ్ళు పట్టుకున్నాడా అని. అవే వేళ్ళు. ఏ పడవల మధ్యా నలగలేదు అమ్మ చెయ్యి. ఈ చెయ్యే విరిచింది.

మంగరాజు వదిలేశాడు. మరుక్షణం గొంతులోకి తేనె వచ్చేసింది. "నొప్పెట్టిందా నా బంగారు తల్లికి? నువ్వు మాటింటే నేనెందుకు చెయ్యి చేసుకుంటానే?" అని తల నిమిరాడు. మొదటి రోజు నిమిరినట్టే, అంతే ముద్దుగా. అమ్మాజీకి ఆ వేళ్ళు విరిచిన చెయ్యి కంటే ఈ నిమిరే చెయ్యే ఎక్కువ భయం పుట్టించింది. ఆ భయం వెనకాలే కోపం తన్నుకొచ్చింది. ఇంత ముద్దు చేస్తూ ఇంత పని చేసే మనిషి కోసమా తను అమ్మని నోటికొచ్చినట్టు తిట్టింది!

దూకితే లాభం లేదు. పాటు లాగేస్తుంది, వెనకాలే అతనూ దూకుతాడు. కేకలు వేస్తే మళ్ళీ వేళ్ళు పట్టుకుంటాడు. కళ్ళు తుడుచుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంది. పడవ వంపు తిరిగేసరికి మంగరాజు నీళ్ళ వంక అనుమానంగా చూశాడు.

"ఏరంతా మారిపోయిందే. లోతెటుంది?"

దేవుడు అడిగించినట్టే అడిగాడు. అమ్మాజీ మడచెట్ల వైపు చెయ్యి చూపించింది. "ఆ వార నిలువు లోతయ్యా. అందరూ అటే ఎల్తారు."

మొన్నటి వరదకి మేట వేసింది ఆ వారే. పాటు వేళ మోకాలు లోతు కూడా ఉండదని పేటలో అందరికీ తెలుసు, ఇన్నేళ్ళు లేనివాడికి తప్ప. మంగరాజు తెడ్డు తిప్పాడు. పాటు వాటున పోతున్న పడవ ఒక్క ఊపున ఇసకలోకి దూసుకుపోయి కూరుకుపోయింది. అతను గడ వేసి నెట్టేలోగా నీళ్ళు ఇంకా తీశాయి. ఇంక పోటొచ్చేదాకా ఆ పడవని ఆ దేవుడు కూడా కదపలేడు.

అమ్మాజీ దూకింది. కొత్త పరికిణీ పైకి దోపుకుని, మేట మీద పడి, దిగువన వల లాగుతున్న మేనమామ ధర్మరాజు దగ్గరికి పరిగెత్తింది. "మావా! మావా!" అన్న కేకకి ఏటి మీద కొంగలు లేచిపోయాయి.

పిల్ల చెప్పడం పూర్తి కాకముందే మంగరాజు వచ్చేశాడు. పరుగెత్తలేదు. నవ్వుకుంటూ, పంచె దులుపుకుంటూ వచ్చాడు. కులపెద్ద అప్పన్నకి చేతులు జోడించాడు.

"ఏం లేదండి. మురమళ్ళ సామి కల్యాణానికి తీసుకెళ్తన్నానండి. పడవ మేట తగిలేసరికి పిల్ల జడిసిందండి."

"అబద్ధం తాతా! ఓడెక్కించేస్తాడంట నన్ను! నా చెయ్యి చూడు!"

అప్పన్న చెయ్యి చూశాడు. వేళ్ళు కమిలిపోయి వాచి ఉన్నాయి. చూసి కూడా ఏమన్నాడో తెలుసా? "మాటినకపోతే తండ్రన్నాక ఓ దెబ్బెయ్యడా? తండ్రి తీసుకెళ్తంటే దానికింత యాగీ ఏంటే? తండ్రి సొత్తు పిల్ల."

"ఆయ్, అదేనండి," అన్నాడు మంగరాజు వినయంగా.

వల తాడు పట్టుకున్న మగవాళ్ళంతా తలలూపారు. ధర్మరాజు కూడా ఎటూ తేల్చుకోలేక బావ వంకా పెద్దాయన వంకా చూస్తున్నాడు. అమ్మాజీకి వాళ్ళందరి మొహాల మీదా ఇసక కొట్టాలనిపించింది. వాచిన వేళ్ళు కళ్ళెదురుగా పెడితే కనబడని వాళ్ళకి ఇంకేం కనబడుతుంది? అప్పుడు తట్టింది.

"మురమళ్ళకి పాటులో బయల్దేరేడు తాతా," అంది. "పాటు తీసేకే కట్టిప్పేడు. నువ్వైతే ఎల్తావా?"

వల లాగడం ఆగిపోయింది. అప్పన్న ఏటి వంక చూశాడు. మేట మీద కూరుకుపోయిన పడవ వంక చూశాడు. దాని ముక్కు సముద్రానికేసి ఉంది.

"ఏరా మంగరాజూ! పాటులో మురమళ్ళెల్తన్నావా?"

ఆ మనిషి దగ్గర లోకంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ జవాబుంది, దీనికి లేదు. "మర్చిపోయేనండి," అన్నాడు. ఆ పేటలో పుట్టినవాడు అనకూడని మాట అదొక్కటే. తన పేరు మర్చిపోయానన్నా నమ్మేవారేమో.

అందరూ మేట మీదికి పోయారు. ధర్మరాజు ముసుగులో మనిషిని అడిగాడు. ఆమె బెదురుతూ చెప్పింది. "కూలీల్లో ఆడమనుషులు సాలకపోతే దొరలు ఓడ కదలనివ్వరంటండి. అందుకని కూతుర్ని కూడా ఎక్కిస్తన్నానన్నారండి. పిల్లకి తెలుసనుకున్నానండి."

మంగరాజు గొంతులో తేనె ఎండిపోయింది. "నా కూతురు! నా ఇష్టం! నాకిష్టమొచ్చిన చోటికి తోలుకుంటాను!" అని పడవలో గడ ఎత్తి మీదికొచ్చాడు. గడ ధర్మరాజు లాక్కున్నాడు, మిగతాది మిగతావాళ్ళు చూసుకున్నారు. ఎర్ర తలపాగా ఇసకలో పొర్లింది. ఇంకో నాలుగు పడి ఉండవలసిందని నా ఉద్దేశం.

ఆ ఆడమనిషిని దించి పేటకి పంపించారు. పోటు తిరిగి పడవ తేలగానే మంగరాజుని అందులోకి తోసి, దాని ముక్కు ఎగువకి తిప్పి నెట్టారు. "ఎల్లరా, మురమళ్ళే గదా!" అన్నాడు ధర్మరాజు. "ఇటు మొగ వైపు మళ్ళీ కనపడ్డావో, పడవే ఉండదు."

పోటు పడవని ఎగువకి ఎత్తుకుపోతుంటే మంగరాజు వెనక్కి తిరిగి, "బంగారు తల్లీ! నీ కోసం మళ్ళీ వస్తానే!" అని కేకేశాడు. ఏమీ జరగనట్టే, అదే గొంతు. ఆ గొంతు వినగానే ఇంత జరిగాక కూడా లోపలెక్కడో ఏదో అటు మొగ్గింది. అందుకు అమ్మాజీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో ఆదెమ్మ సంత నుంచి గంపతో అలాగే పరిగెత్తుకొచ్చింది. దార్లో ఎవరో చెప్పినట్టున్నారు. కూతుర్ని పట్టుకుని చెయ్యి చూసి ఏడుస్తూ కూలబడిపోయింది. అమ్మాజీ ఆమెను ఓదార్చలేదు.

"పడవల మజ్జిన నలిగేయన్నావు! ఎందుకబద్ధం చెప్పేవే?"

"తండ్రి మంచోడనుకుంటే నీకు ధైర్యంగా ఉంటదనుకున్నానే."

"ధైర్యం ఎవడిక్కావాలి? భయం కావాలి నాకు! భయముంటే ఆ పడవెక్కేదాన్నే కాదు!"

ఆదెమ్మ ఏడుపు ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పు," అంది అమ్మాజీ. "నిన్నేం చేసేడో అంతా చెప్పు. ఇక్కడే, అందరూ వినేలాగ."

మగవాళ్ళు వలలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆదెమ్మ వాళ్ళ వంక ఒకసారి చూసి, కొంగులోంచి ఎడమ చెయ్యి పైకి తీసింది. "నువ్వు పుట్టిన మూడో నెల్లో," అని మొదలెట్టింది. అప్పన్న గొంతు సవరించుకుని, పొద్దు వాలుతోందంటూ మెల్లగా లేచాడు.

"నువ్వూ కూకో తాతా," అంది అమ్మాజీ.