స్కీలు మార్చని ఛాంపియన్

పెళ్లయి నెల కాలేదు. పొయ్యి దగ్గర భర్త హోవర్ చేతి తొడుగులు తన తొడుగుల పక్కన ఆరుతున్నా చాలు, సిగ్నేకి నవ్వొచ్చేది. అంత సంబరంలోనూ ఒకటే మెలిక. ఈ లోయలోనే ఇల్లు కొనుక్కుని ఉండిపోవాలని ఆమె ముచ్చట. అతనికి మనసొప్పడం లేదు.

"నేను స్కీ పందేలు మానేశాక వీళ్లు నన్ను మర్చిపోయారు సిగ్నే. అక్కర్లేని చోట ఉండి ఏం చేస్తాం?"

ఆమెకూ అయోమయంగానే ఉంది. తను పుట్టిన సముద్రతీరంలో మంచు కన్నా వానే ఎక్కువ, స్కీల సంగతి అంతగా తెలియదు. అయినా, దేశం మొత్తాన్ని టీవీల ముందు కూర్చోబెట్టిన మనిషి కొట్లోకి వస్తే జనం పాల డబ్బాల మీద తారీఖులు చదువుకోవడమేమిటి? ఒక్కరూ ఫోటో అడగరు.

ఆదివారం పిల్లల స్కీ పోటీలు. ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒక పని ఉచితంగా చెయ్యాలి. హోవర్‌కి సాసేజ్‌లు కాల్చే పని పడింది. సిగ్నే వాటిని బంగాళాదుంప రొట్టెలో చుట్టి అందిస్తోంది. ఆమె మెచ్చిన ఇంటి యజమానికి సాయంత్రం ఫోన్ చేసి, ఇల్లు వద్దని చెప్పేస్తానని అతను పొద్దున్నే అన్నాడు. వరస పొడుగ్గానే ఉంది గానీ, ఎవరూ ఆవముద్ద వెయ్యమనడం తప్ప ఇంకో మాట అనలేదు.

బోర్గిల్ అనే ముసలావిడ మాత్రం సాసేజ్ అందుకుని కదల్లేదు.

"ఏం బాబూ, ఆ యాభై కిలోమీటర్ల పందెంలో మధ్యలో ఆగి స్కీలు మార్చకుండా ఎందుకు పోయావ్? స్కీల అడుగున మంచు అంటుకుపోతోందని టీవీ ముందు కుర్చీలోంచి అరుస్తూనే ఉన్నా. వింటేగా నువ్వు."

సిగ్నే రొట్టె చుట్టడం ఆపేసింది. అది అతను ఓడిన పందెం. ఇంట్లో తను కూడా ఆ మాటెత్తదు.

వెనకనున్న బస్సు డ్రైవర్, ఆగి మార్చుకుంటే ఆ వెండి పతకం కూడా దక్కేది కాదని అడ్డొచ్చాడు. ఇంకొకాయన తప్పంతా స్కీలు జారడానికి అడుగున మైనం రాసినవాడిదేనన్నాడు. ఆ ఎత్తు మీద హోవర్ పాలిచ్చే ఆవులా ఎక్కాడని మరొకావిడ. వరస చెదిరి గుంపయింది. గెలిచిన బంగారు పతకాల ఊసే లేదు.

ఇక ఇల్లు దక్కనట్టేనని సిగ్నే అతని చెయ్యి పట్టుకుని లాగింది. అతను కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి, పట్టకారు గాల్లో ఊగుతోంది.

"మంచు కురవడం ఆగుతుందనుకున్నా పిన్నిగారూ."

"అనుకున్నావ్. టీవీలో చూసి నాక్కూడా తెలిసింది అది ఆగదని."

సాసేజ్‌లు మాడిపోయాయి. వాదించుకుంటూ వాటినే తిన్నారు.

దారిలో సిగ్నే ఓదార్చబోయింది. అతను ఈల వేస్తున్నాడు. "అంతలా తిట్టారు కదా" అంటే, "ఎంత బాగా తిట్టారో, ఒక్కటీ మర్చిపోలేదు" అన్నాడు. ఇంటికి రాగానే అతను ఫోన్ తీశాడు. అవతలి యజమాని ఆ పందెం గురించే ఏదో అడిగాడు. ఇతను స్కీల గురించి చెప్పడం మొదలెట్టాడు. కాఫీ చల్లారిపోయినా ఇంటి మాట రాలేదు. సిగ్నే బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"సరేనండీ, ఇల్లు మేమే తీసుకుంటాం," అన్నాడు చివరికి. "కానీ ఆ మైనం విషయంలో మీరన్నది తప్పు."