తల ఊపిన చోటు

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టుకుంది గానీ కత్తెరక్క ముద్ద నోట్లో పెట్టలేదు. తెర మీద ఉన్నావిడ మళ్ళీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. బాయిలరు పేలి చనిపోయిన కార్మికుడి భార్య ఆవిడ. కత్తెరక్క వెనక కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

సినిమా ముక్కల్ని కత్తెరతో కోసే రోజులు పోయి చాలా కాలమైంది. ఎడిటింగంతా ఇప్పుడు కంప్యూటరు మీదే. అయినా స్టూడియోలో అందరికీ ఆమె కత్తెరక్కే. రెండు ముక్కలు ఆమె కలిపిందంటే అతుకు దేవుడికి కూడా కనపడదని చెప్పుకుంటారు. ఆ పొగడ్త ఆమెకూ ఇష్టమే, లేదని ఎందుకనాలి.

పేలుడు తర్వాత కార్మికులు రెండో బాయిలరు షెడ్డులో అడుగు పెట్టేది లేదని భీష్మించుకు కూర్చున్నారు. అదీ మొదటిదానికి తోబుట్టువే, అదే వయసు, అదే తుప్పు. వాళ్ళను ఒప్పించడానికే ఈ సినిమా. చచ్చినవాడి పెళ్ళామే భయం లేదంటే ఇంకెవడు కాదంటాడన్నది మేనేజరు ఎత్తు. కత్తెరక్క తమ్ముడు కూడా ఆ షెడ్డులో పనివాడే. ఆ సంగతి ఆమె మేనేజరుకు చెప్పలేదు. చెబితే ఈ పని చేజారుతుందని భయం.

“బాయిలరు బాగానే ఉందని మీ ఆయన అనేవాడు కదమ్మా?” అని కెమెరా వెనక నుంచి ఒక గొంతు అడిగింది. ఆవిడ జవాబు చెప్పలేదు. కెమెరా వంకే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటి తర్వాత అదే గొంతు, “మంచినీళ్ళు తాగుతావా?” అంది. ఆవిడ తల ఊపింది.

“ఆ ఊపడం తెచ్చి మొదటి ప్రశ్న తర్వాత పెట్టండి,” అన్నాడు మేనేజరు.

“అతకదండీ. అక్కడ ఏడుపు మొహం, ఇక్కడ దాహం మొహం. చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.”

“పెట్టి చూపించండి. అతక్కపోతే నేనే వద్దంటాను.”

చేసి చూడకుండా కాదనడం ఆమెకు అలవాటు లేదు. పైగా నోటితో వాదించడం కన్నా కంటికి చూపిస్తే ఊరుకుంటాడనుకుంది. ప్రశ్న, కాసింత మౌనం, తర్వాత తల ఊపడం. మౌనం ఎక్కువైనట్టనిపించి, చెయ్యి ఊరుకోక, పిసరంత కోసింది.

అతికింది. మొగుణ్ణి తలుచుకుని గొంతు పెగలక తల మాత్రం ఊపిన మనిషే కనపడింది. అన్నీ తెలిసిన కత్తెరక్క కూడా ఒక్క క్షణం నమ్మేసింది. నిజాన్నీ అబద్ధాన్నీ పక్కపక్కన పెడితే అబద్ధమే అసలుదానిలా ఉంది.

“ఇంకోసారి వెయ్యండి,” అన్నాడు మేనేజరు. ఆమె వేసింది. వెనక్కి తిరిగేసరికి అతను తన ఫోను తెరకు ఎదురుగా పట్టుకుని ఉన్నాడు.

“ఎందుకండీ అది? ఊరికే చూడ్డానికి పెట్టాను. తీసేస్తున్నా.”

“తీసేసుకోండి. నాకు కావలసింది వచ్చేసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చున్న కార్మికులకి పంపించేశాను కూడా.” నవ్వాడు. “మీ పనితనమే పనితనమండీ.”

ఆ మాట ఆమెకు కారం రాసినట్టు మండింది. గబగబా తెర మీద ముక్కను తీసేసింది. బయట ఎందరి చేతుల్లోనో ఆవిడ తల ఊపుతూనే ఉంటుందని ఆమెకు తెలుసు.

పది నిమిషాలకి ఆమె ఫోను మోగింది. తమ్ముడు.

“అక్కా, వీడియో చూశావా? ఆవిడే బాగుందని ఒప్పుకుంది. ఇంక మనకేం రోగం అంటున్నారు మావాళ్ళు. ఈ షిఫ్టుకే లోపలికి వెళ్తున్నాం.”

కత్తెరక్క మేనేజరు వైపు చూసింది. అతని నవ్వు అలాగే ఉంది, కాకపోతే లేచి నిలబడ్డాడు. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

“ఆగరా. ఎక్కడున్నావు?”

“గేటు దగ్గర. అందరం ఇక్కడే ఉన్నాం.”

“ఫోను స్పీకర్లో పెట్టు. అందరికీ వినపడాలి.”

మేనేజరు ఒక్క అంగలో వచ్చి చెయ్యి చాపాడు. ఆమె కుర్చీని అడ్డంగా తోసి గోడకు ఆనుకుంది. అవతల ఎవరో “ఉండండ్రా” అన్నారు. గోల సద్దుమణిగింది.

“ఆవిడ ఆ మాట అనలేదు,” అంది కత్తెరక్క. “నేను అనిపించాను. లోపలికి వెళ్ళొద్దు.”

ఫోనులోంచి షిఫ్టు సైరన్ మోగడం మొదలైంది.