పాత మార్కు, కొత్త మార్కు

“నా క్లాసు మార్కులు ఇంకోసారి ఎక్కించు. ఒకటి రెండు చోట్ల సవరించాను. నీకైతే చిటికెలో పని” అన్నారు మా ఆయన, నేను కట్టిన క్యారేజీ అందుకుంటూ.

నాకైతే చిటికెలో పని. మా ఇంట్లో ఏ పనైనా నా దగ్గరికి వచ్చేసరికి చిటికెలోకి కుదించుకుపోతుంది. మంచం పట్టిన అత్తయ్యకి స్నానం చేయించడం చిటికె. ముగ్గురికి మూడు రకాలుగా క్యారేజీలు కట్టడం చిటికె. ఆయన చొక్కా ఇస్త్రీ, నా నోట్సు దిద్దుబాటు, గ్యాస్ వాడికి ఫోను, అన్నీ చిటికెలే. ఈ చిటికెలన్నీ కలిపితే తెల్లారి లేచిన దగ్గర్నించి నడుం వాల్చేదాకా అవుతుందని ఆయన ఎప్పుడూ కూడి చూడలేదు. లెక్కల టీచర్ని నేను కదా.

ఇద్దరం ఒకే స్కూల్లో పని చేస్తాం. ఆయన సైన్స్ సార్. ప్రోగ్రెస్ కార్డుల సాఫ్ట్‌వేర్ వచ్చిన దగ్గర్నించి నన్ను లెక్కల టీచర్ అనడం అందరూ మానేశారు. కంప్యూటరమ్మ అంటారు. కంప్యూటర్ గది తలుపు మీద ‘పరీక్షల ఇన్‌చార్జి’ అని ఆయన పేరుంటుంది. తలుపు లోపల కుర్చీలో నేనుంటాను. “మీ ఇద్దరిలో ఎవరైతేనేం, ఒకే ఇంటివాళ్ళేగా” అని పెద్ద మేడం నవ్వారు ఆ బోర్డు పెట్టించిన రోజున. నేనూ నవ్వాను. అప్పుడు అది నిజంగానే జోకులా వినిపించింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా కార్డులు ఖరారు కావాలి. మధ్యాహ్నం బెల్లు కాగానే డబ్బా మూత కూడా తీయకుండా కంప్యూటర్ ముందు కూలబడ్డాను. పని చెప్పుకోవడానికి తేలికే. ప్రతి టీచరూ తన మార్కుల పట్టిక తన కంప్యూటర్లో రాసుకుంటారు. నేను దాన్ని బయటికి తీసి ప్రోగ్రెస్ కార్డుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. చిక్కంతా ఆ బయటికి తీయడంలోనే ఉంది. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు. భాషల టీచరు పరీక్షకు రాని పిల్లలకి గడి ఖాళీగా వదిలేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని సున్నా అనుకుని, జ్వరంతో పడుకున్న పిల్లని ఫెయిల్ చేసేస్తుంది. డ్రిల్లు మాస్టారైతే అంకెలే వెయ్యరు. ‘ఫర్వాలేదు’, ‘ఒళ్ళు బరువు’, ‘పరిగెత్తితే ఆపలేం’ అని రాస్తారు. “మాస్టారూ, దీన్ని నేనేం చేసుకోను?” అంటే, “మీరే ఏదో ఒక అంకె వేసెయ్యండమ్మా, నా పిల్లలు మీకు తెలీదా” అంటారు.

ఇవన్నీ సరిచేసి ఒక్కొక్కరివీ ఎక్కిస్తాను. ఆపైన మా ఆయన క్లాసు పిల్లలందరికీ కార్డు మీద నాలుగేసి మాటల వ్యాఖ్య కూడా నేనే రాస్తాను, ఆయన పేరుతో. “నీకు మాటలు బాగా దొరుకుతాయి. నాకు సైన్సు తప్ప రాదు” అని నన్ను మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు కోసం కొన్నేళ్ళు రాశాను. తరవాత అలవాటైపోయి రాశాను.

ఆ ఏడు ఆయన క్లాసులోనే మా పిట్ట ఉంది. పిట్ట మా అమ్మాయి. బక్కగా, ఒకచోట నిలవకుండా తిరుగుతుందని చిన్నప్పుడు అత్తయ్యే పెట్టిన పేరు. వేరే ఊళ్ళో హాస్టల్‌తో సహా చదువు చెప్పే సైన్స్ కాలేజీ ఒకటుంది. దాని ప్రవేశ పరీక్ష పిట్ట గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే, ప్రోగ్రెస్ కార్డులో సైన్సుకి ఎనభై దాటాలి. నాలుగింటికి మేం ఖరారు చెయ్యగానే కార్డు ఆ కాలేజీకి తనంతట తనే వెళ్ళిపోతుంది.

“దాన్ని అంత దూరం పంపిస్తే నన్ను చూసేదెవరు? మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికిగానీ రారు” అని అత్తయ్య ఒకటే గొడవ. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచం దిగలేకపోతోంది. భయపడటంలో తప్పు లేదు. మా ఆయన మాత్రం అన్నం తింటూ పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పారు. “మార్కులు రానివ్వమ్మా. వస్తే నేనే దగ్గరుండి దింపి వస్తాను. రాకపోతే ఇక్కడే చదువుకుంటుంది. మార్కులే చెబుతాయి, మనమెందుకు తగువులాడటం?”

పిట్ట లేచి వెళ్ళి వాళ్ళ నాన్న మెడ చుట్టూ చేతులు వేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత న్యాయంగా మాట్లాడాడు నా మొగుడు అనుకున్నాను.

అందరివీ అయ్యాక చివర్న ఆయన సవరించిన పట్టిక ఎక్కించాను. తెర మధ్యలో ఎర్ర గడి ఒకటి లేచింది. ‘ఒక విద్యార్థి మార్కు ఇంతకుముందు ఎక్కించిన దానితో సరిపోలడం లేదు. పాత మార్కు 91. కొత్త మార్కు 61. ఏది ఉంచాలి? కారణం రాయండి.’

ఆ వరసలో మా పిట్ట పేరుంది.

ముందు నాకు నవ్వొచ్చింది. వేలు జారింది పాపం అనుకున్నాను. కీబోర్డు కుడివైపు అంకెల మీటల్లో తొమ్మిదికి కిందే ఆరుంటుంది. సోమవారం నేను సరిచూసుకోవడానికి ఒకసారి ఎక్కించినప్పుడు తొంభై ఒకటే ఉంది. ఇప్పుడు సవరిస్తూ దీని మీద వేలు పడి ఉంటుంది. ఆయన తరఫున సాకు వెతకడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. పాలు పొంగితే స్టవ్వు తప్పు, మాట తూలితే ఎండ తప్పు. ఇన్నేళ్ళ కాపురంలో బాగా సాధన చేసిన విద్య. నవ్వుకుంటూనే ఆయన పట్టిక తెరిచాను.

నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ పట్టికలో మొత్తం మార్కుని ఎవరూ టైపు చెయ్యరు. రాతపరీక్ష ఒక గడిలో, ల్యాబు ఇంకో గడిలో వేస్తే మొత్తాన్ని అదే కూడుకుంటుంది. ఆయనకి కూడికల బాధ లేకుండా ఆ ఏర్పాటు చేసింది నేనే. తొమ్మిది మీద పడాల్సిన వేలు ఆరు మీద పడటానికి అసలు అక్కడ తొమ్మిది కొట్టే అవసరమే లేదు. సోమవారం రాతపరీక్ష అరవై ఎనిమిది ఉండేది, నలభై ఎనిమిది అయింది. ల్యాబు ఇరవై మూడు ఉండేది, పదమూడు అయింది. రెండు గడులు. రెండుసార్లు. క్లాసులో ఇంకే పిల్ల అంకే కదల్లేదు.

పక్కన క్యారేజీ, కిటికీ అవతల పిల్లల కేకలు, గోడ మీద గడియారం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నేను మాత్రం ఎక్కడో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు, లోపల ఒకటే జారుడు. పరాయివాడు చేస్తే అరిచేదాన్ని. ఈ అంకెలు వేసిన వేళ్ళే పిట్టకి సైకిల్ నేర్పేటప్పుడు సీటు పట్టుకున్నాయి. పైగా ఎక్కించమని ఎవరికిచ్చాడు? నాకు. కూతురి దారికి అడ్డంగా గోడ కట్టి, చివరి ఇటుక తల్లి చేత పెట్టిస్తున్నాడు. చిటికెలో పనేగా అని.

అప్పటికీ ఆశ చావలేదు. ఫోను చేశాను.

“ఏవండీ, పిట్ట మార్కు తప్పు పడినట్టుంది. అరవై ఒకటి చూపిస్తోంది.”

“తప్పేం లేదు. మళ్ళీ దిద్దితే అంతే వచ్చింది. ఎక్కించెయ్.”

“కారణం అడుగుతోందండీ.”

“ఎవరు అడుగుతున్నది? పెద్ద మేడమా?”

“సాఫ్ట్‌వేర్. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించి అడుగుతోంది.”

ఆయన గొంతు చిన్నదైంది. “అది పాతది గుర్తు పెట్టుకుంటుందా?”

ఇన్‌చార్జి గారికి ఆ సంగతి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ కుర్చీలో ఒక్కసారైనా కూర్చుంటేగా.

ఫోను పెట్టేసిన కాసేపటికే వచ్చారు. మెట్లెక్కి వచ్చినందుకు రొప్పుతున్నారు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, నవ్వు తెచ్చిపెట్టుకున్నారు.

“దీనికింత రాద్ధాంతమేమిటి? ఏదో ఒకటి రాసెయ్. కూడిక తప్పిందని రాయి.”

“కూడిక నేను పెట్టింది. అది తప్పదు.”

“అబ్బా, పోలీసు బుర్ర! సరే, విను. అమ్మ పరిస్థితి చూస్తున్నావుగా. నువ్వా స్కూలు మానవు. మనిషిని పెడితే నిలవడం లేదు. ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంటే ఎంత ఆసరా! ఇక్కడి కాలేజీలో చేరుతుంది, ఓ పూట వెళ్ళొస్తుంది. కొంపేమీ మునగదు.”

“ఆ మాట దానితో చెప్పొచ్చుగా. వద్దని మొహం మీద అనొచ్చుగా.”

“అంటే ఏడుస్తుంది. నేను చెడ్డవాణ్ణవుతాను. మార్కులు రాలేదంటే తనే సర్దుకుంటుంది. తండ్రి మీద కోపం ఉండదు, బెంగా ఉండదు. దాని మంచికే.” నా భుజం మీద చెయ్యి వేశారు. “నిన్ను ఆ హెడ్మాస్టర్ల శిక్షణకి పంపకపోతే ఏమైంది చెప్పు? బాగానే ఉన్నావుగా.”

నేను తల తిప్పి చూశాను.

“పంపకపోతే ఏమిటి? నాకు సీటు రాలేదన్నారుగా మీరు.”

“అదే… రాకపోతే అంటున్నా.”

భుజం మీద చెయ్యి మెల్లగా జారిపోయింది. ఆయన చూపు వెళ్ళి గోడ గడియారం మీద ఆగింది.

పిట్ట చంకలో ఉన్న రోజుల్లో ఆ శిక్షణకి దరఖాస్తు నింపి ఆయన చేతికే ఇచ్చాను. “ఆఫీసువైపు వెళ్తున్నా, నేనిచ్చేస్తాలే, నీకెందుకు శ్రమ” అన్నారు. తరవాత ఓ సాయంత్రం చెప్పులు విప్పుతూ, “రాలేదట. పోనీలే, దిగులు పడకు” అన్నారు. దిగులు పడ్డాను. నాకు తెలివి తక్కువని నమ్మాను. స్టాఫ్ రూములో నా మాట నేనే మింగేసుకున్నాను. ఆయన పేరు బోర్డు మీద చూసి, తగినవాడికే దక్కిందనుకున్నాను. ఆ రాత్రి ఆయన నా తల నిమురుతూ ఓదార్చారు కూడా. ఆ ఓదార్పుని ఇన్నేళ్ళు ప్రేమకి రుజువుగా దాచుకున్నాను.

ఎర్ర గడి అలాగే ఉంది. ‘పాతది ఉంచు’ అన్న మీట నా వేలికి అంగుళం దూరంలో ఉంది. నొక్కితే పిట్ట వెళ్ళిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన రాత్రికి అలుగుతారు, నేను బతిమాలుకుంటాను, రేపు మళ్ళీ క్యారేజీ కడతాను. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకున్నాను. తలుపులు వేసుకుని మార్కు వెయ్యడం ఆయన పద్ధతి. బల్ల మీది ఫోను ఎత్తాను.

“ఎవరికి?” అన్నారాయన.

“పెద్ద మేడం, సైన్సు మార్కుల్లో ఒకటి తేడా వస్తోందండీ. మా అమ్మాయిదే. మేమిద్దరం తేల్చకూడదు. బీరువాలోంచి దాని జవాబు పత్రం, ల్యాబు షీటు తీసుకుని ఒకసారి పైకి రండి.”

“నీకేమైనా పిచ్చా! నా పరువు…” అంటూ ఫోను మీద చెయ్యి వేశారు. అప్పటికే నేను పెట్టేశాను. తలుపు బార్లా తీశాను. పెద్ద మేడం వచ్చేదాకా ఆయన కిటికీ దగ్గర నిలబడి చొక్కా గుండీతో ఆడుకున్నారు. ఇంట్లో పిట్టకి జ్వరమొస్తే కూడా అలాగే నిలబడతారు, చేసే పని ఇంకెవరిదో అయినట్టు.

పెద్ద మేడం కళ్ళజోడు సవరించుకుని పత్రం మొదటి పేజీ చూశారు. “అరవై ఎనిమిది. సంతకం మీదేగా సార్? ల్యాబు ఇరవై మూడు. మరి తేడా ఎక్కడుంది?”

“చిన్న పొరపాటు మేడం…”

“పొరపాటైతే పాతదే ఉంచండి. మన పిల్ల తొంభై దాటిందంటే స్కూలుకే పేరు. కానివ్వమ్మా, టైమవుతోంది” అన్నారు నాతో.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి జరిపాను.

“సార్ ఎక్కిస్తారు మేడం. ఇన్‌చార్జి ఆయన. మార్కులూ ఆయనవే. ఇక మీద ఆయన పని ఆయనే చేసుకుంటారు.” ఆయనకి దారి ఇచ్చి పక్కకి జరిగాను. “మేడం, ఈ ఏడు హెడ్మాస్టర్ల శిక్షణకి దరఖాస్తులు ఎప్పుడిస్తారు? ఈసారి నేనే స్వయంగా తెచ్చిస్తాను.”

“ఈసారి ఏమిటి?” పెద్ద మేడం ఆశ్చర్యపోయారు. “నువ్వెప్పుడు పెట్టావని? నీకసలు ఆసక్తే లేదని సార్ చెబితే, అయ్యో అనుకుని ఊరుకున్నాను. పెట్టి ఉంటే మొదటి పేరు నీదే రాసేదాన్ని కదమ్మా.”

మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. మౌసు అటూ ఇటూ తిప్పడం చూస్తే తెలుస్తోంది, ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదు. తంటాలు పడి ‘పాతది ఉంచు’ నొక్కారు. కింద తెల్లటి గడి తెరుచుకుంది. కారణం రాయండి అని దాని మీద ఉంది. రాస్తేగానీ ముందుకి పోదు. పెద్ద మేడం ఆయన వెనకే నిలబడి చూస్తున్నారు.

ఆయన తల నావైపు తిప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ కళ్ళలో నా అవసరం నిజంగా కనిపించింది.

“ఏం రాయమంటావు?” అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

క్యారేజీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, పరీక్ష గదిలో పిల్లలకి చెప్పినట్టే చెప్పాను.

“మీ సొంత మాటల్లో రాయండి.”