నడవని మగ్గాలు

జోగమ్మ మగ్గం మీద పడుగు ఉండగానే దాని మీదుగా కొలత టేపు గుంజారు. టేపు ఒక కొస కాంట్రాక్టరు మనిషి చేతిలో, రెండో కొస సర్కారు సర్వేయరు చేతిలో. మధ్యలో సగం నేసిన చీర, ఆకుపచ్చ నూలు ఒంటికి ఎర్ర పట్టంచు. ఇద్దరూ చెప్పులు విప్పలేదు. మగ్గం ఉన్న గదిలోకి మా పసిపిల్లలు కూడా చెప్పులతో అడుగు పెట్టరు.

"సార్, జర పైకి పట్టుండ్రి. పోగులు తెగుతయి," అన్నది జోగమ్మ.

"తెగితే తెగనియ్యమ్మా. ఎట్లైనా నెల దినాలల్ల ఈ గుంట పూడ్చేదే గదా," అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

టేపు గుంజేసరికి పోగులు తెగాయి. జోగమ్మ వంగి, తెగిన కొసలను వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే ముడి వేయసాగింది. వాళ్లు ఆమె వీపు మీదుగా కొలతలు రాసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చూసి ఊరకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

నా పేరు శ్రవణ్ కుమార్. గద్వాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పౌరశాస్త్రం చెప్తాను. పుట్టింది మాత్రం ఈ షెడ్ల కాలనీలో, మగ్గం చప్పుడుకు నిద్రపోయి, మగ్గం చప్పుడుకే లేచిన ఇంట్లో. మొత్తం నలభై ఎనిమిది షెడ్లు. ముందు గదిలో మగ్గం, నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంట, వెనక గదిలో కాపురం. ఎప్పుడో సర్కారే కట్టించి ఇచ్చింది, పట్టా మాత్రం ఇవ్వలేదు. మగ్గం నడిచినంత కాలం షెడ్డు నేతగాడిది, నడవకపోతే సర్కారుది అని కాగితంలో షరతు పెట్టింది. మగ్గం ఎందుకు ఆగుతుందిలే అని మా తండ్రులు వేలిముద్రలు వేశారు.

ఇప్పుడు అక్కడ దుకాణాల సముదాయం కడతారట. మగ్గం గుంట పూడ్చితే జోగమ్మకు మళ్లీ తవ్వుకోవడానికి ఈ భూమ్మీద జానెడు జాగా లేదు. పెనిమిటి పోయి పదకొండేళ్లు. ఆమె కూడూ గూడూ ఆ గుంటే.

ప్రశ్న అంటే ప్రజాప్రతినిధి చేతిలో ఆయుధం అని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. మెచ్చుకోవలసిన సంగతేమిటంటే, ఆ పాఠాన్ని నేను కూడా నమ్మాను! హైదరాబాదు పోయి ఒక శాసనమండలి సభ్యుణ్ని కలిశాను. మంచివాడే. చాయ్ తాగించాడు, విన్నాడు, ప్రశ్న నా చేతనే రాయించి సంతకం పెట్టాడు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకైతే మంత్రి సభలో లేచి నిలబడి జవాబు చెప్పాలి. మాది గుర్తు లేని ప్రశ్న. కాగితం పోతుంది, కాగితం వస్తుంది.

ఆరు వారాలకు వచ్చింది. జోగమ్మ షెడ్డు ముందు కాలనీ అంతా కూడింది. నేను గొంతు సవరించుకుని చదివాను.

"ప్రశ్న. గౌరవ మంత్రి దయచేసి తెలియజేస్తారా? (అ) గద్వాల షెడ్ల కాలనీలో నడుస్తున్న నలభై ఎనిమిది మగ్గాలను తొలగించే ప్రతిపాదన ఉన్నది నిజమేనా? (ఆ) నిజమైతే, ఆ కుటుంబాల జీవనోపాధికి తీసుకున్న చర్యలేమిటి? జవాబు. (అ) లేదండి. సదరు కాలనీలో నడుస్తున్న మగ్గాలు లేవు. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

పక్క షెడ్డులో ఎవరిదో మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది. టకటకమని ఆ చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

"ఉత్పన్నం గాదంటే ఏంది సారూ?" అని అడిగింది ఖతీజాబీ. కాలనీ చివర ఉండే ఐదారు ముస్లిం ఇళ్లలో ఆమెది ఒకటి. ఆమె మగ్గాలకు నూలు చుట్టలు, అంటే కండెలు, చుడుతుంది. ఆమె మొగుడు బాబు మియా పట్టుకు రంగు అద్దుతాడు. కూతురు సమీనా జోగమ్మ మగ్గం మీద రెండో మనిషి. గద్వాల చీరకు ఒళ్లు వేరు, అంచు వేరు. రెండిటినీ కలిపి నెయ్యాలంటే పక్కన ఇంకో చెయ్యి ఉండాలి.

"ప్రశ్న పుట్టనే లేదని," అన్నాను.

"ప్రశ్న పుట్టకపోతే పాయె. మేం పుట్టినం గద," అన్నది జోగమ్మ. "నడుస్త లేవని సర్కారుకు ఎవడు జెప్పిండు?"

ఎవడు చెప్పాడో నాకు అప్పుడే తట్టింది. చెప్పింది మేమే.

అమావాస్యనాడు మేం మగ్గం గుంటలో దిగం. ముత్తాతల నాటి కట్టుబాటు. ఆనాడు మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పైన గుడ్డ కప్పుతాం. అటూ ఇటూ పోగు మోసే నాడెను తాకం. నాలుగు నెలల కిందట సర్వేవాళ్లు సరిగ్గా అమావాస్యనాడే వచ్చారు. "మగ్గం నడుస్తున్నదా?" అని అడిగారు. "ఇయ్యాల నడ్వది సార్," అన్నారు మావాళ్లు, ఉన్నమాటే కదా అని. "ఫోటో కోసం ఒక్కసారి నాడె ఇసురుండ్రి," అంటే ఇంటింటా వద్దని చేతులు జోడించారు. పైగా ఇంటికొచ్చినవాళ్లని కొబ్బరి ముక్కలు, బెల్లం పెట్టి పంపారు. వాళ్లు కొబ్బరి తిని, 'పనిచేయు మగ్గం: లేదు' అని నలభై ఎనిమిది సార్లు రాసుకుని, సంతకాలు తీసుకుని పోయారు. సంతకం పెట్టే ప్రతివాడికీ పెన్ను అందించింది ఎవరనుకున్నారు? ఈ పౌరశాస్త్రం సారే. ఫారం చదవాలన్న తెలివి ఆ రోజు నాకు లేకపోయింది.

మంత్రి జవాబు వచ్చి వారం తిరగకముందే ప్రతి తలుపుకూ నోటీసు అంటించారు. షెడ్లు ఖాళీ చెయ్యాల్సిన తేదీ చూస్తే, అదీ అమావాస్యే. యాదృచ్ఛికం అనుకునేంత పిల్లలం కాదు మేం. మగ్గాలు ముసుగేసుకుని ఉన్న రోజు చూసి తాళాలు వేస్తే, నడవని మగ్గాలకే తాళం వేశామని రాసుకోవచ్చు.

ఆ సాయంత్రం జరిగిన మీటింగులో అరుపులే అరుపులు.

"గా దినం నేద్దాం. ఎవడొస్తడో సూద్దాం," అన్నది జోగమ్మ.

పెద్దాయన బుచ్చయ్య ఒప్పుకోలేదు. కాలనీలో అందరికన్నా పాత మగ్గం ఆయనది. "అమావాస్యనాడు నాడె వడుతరా? మన ఇండ్లల్ల ఎవలన్న వట్టిండ్రా? మగ్గం శాపం తగుల్తది."

"శాపం ఇంకేం తగలాలె పెదనాయనా? తలుపుకు అంటిచ్చిండ్రు గద," అన్నాను నేను.

"నువ్వు సదువుకున్నోనివి. నీకేం. నీ చేతుల చాక్‌పీసు ఉంటది."

ఆ మాట సూటిగా తగిలింది.

ఖతీజాబీ లేచింది. "మాకు అమావాస్య పట్టింపు లేదు. గా దినం మా పోరగాండ్లు కూసుంటరు. మీరు జర పక్కన నిలవడుండ్రి."

"మా మగ్గం మీద మీరెట్ల కూసుంటరు?" అని వెనక నుంచి అరిచాడు దినేష్, కొత్తగా మగ్గం పెట్టినవాడు. "కండెలు సుట్టెటోళ్లు కండెలు సుట్టాలె."

ఖతీజాబీ మొహం చిన్నబోయింది. సమీనా తల్లి కొంగు పట్టుకుని కూర్చోబెట్టబోయింది.

జోగమ్మ వచ్చి దినేష్ ఎదురుగా నిలబడింది. "పదకొండేండ్ల సంది నా సీర అంచు ఎవలు నేస్తుండ్రు? గీ పిల్ల గాదా? పావడ కట్టే పొల్ల ఉన్నప్పటి సంది నేస్తుంది. నువ్వు పట్టుకునే పట్టుకు రంగెవలు వేస్తుండ్రు? సర్కారు రాసినప్పుడు నన్ను నడవని మగ్గం అనన్న రాసింది. గీళ్లకైతే ఫారంల గడి గూడ లేదు. మనల్ని లేరనేటోడొకడు సాలడా? నువ్వు గూడ అంటవా?"

దినేష్ తల దించుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ ఇంటికి పోయేటప్పుడు అతను ఖతీజాబీ కండెల గంప తానే మోసుకుపోయాడు. మనిషి మారడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు. ఒక్కోసారి సిగ్గుపడితే చాలు.

అమావాస్య వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి రెండు పోలీసు వ్యాన్లు, ఒక జీపు, తాళాలు నింపిన సంచి. షెడ్లు ఖాళీ చేయించే అధికారి జీపు దిగి, కాలనీ మొదట్లో చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు లేదు. ఆయన మొహంలో నవ్వు విచ్చుకుంది.

అప్పుడు జోగమ్మ షెడ్డులో నాడె కదిలింది.

టక్. మళ్లీ టక్. ఆమె గుంటలో కాళ్లు దించి కూర్చుంది. పక్కన సమీనా. కాసేపటికి దినేష్ మగ్గం అందుకుంది. తర్వాత రెండు, మూడు. అయినా సగానికి పైగా షెడ్లు ముసుగేసుకునే ఉన్నాయి. అందరి చూపూ బుచ్చయ్య గుమ్మం మీదే.

ముసలాయన కొబ్బరికాయ తెచ్చి మగ్గం ముందు కొట్టాడు. కప్పిన గుడ్డ తీశాడు. మగ్గం చెక్కకు నొసలు ఆనించి, "తప్పు నా మీదనే ఉండనియ్యి తల్లీ. నువ్వు బతికితే వచ్చే అమావాస్య కూడ ఉంటది," అన్నాడు. గుంటలోకి దిగాడు. డెబ్బయి ఏళ్ల మోకాళ్లు, దిగడానికి చాలాసేపు పట్టింది. కానీ నాడె మాత్రం ఒక్క విసురుకే అవతలి అంచుకు పోయింది.

అంతే. కాలనీ అంతా ఒక్కసారి మోగింది. నలభై ఎనిమిది మగ్గాల చప్పుడులో అధికారి అరుపు ఆయనకే వినిపించలేదు. చూశావా అన్నట్టు నేను ఆయన మొహంలోకి చూశాను. ఆ రోజు నాకు భయం లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఎవరు నేర్పిండ్రు మీకిది?" అంటూ అధికారి జోగమ్మ షెడ్డులోకి వచ్చాడు. "లేవమ్మా. తాళం వెయ్యాలె."

"గీ సీర కొస దాంక వస్తే నేనే లేస్త. అప్పటిదాంక నిలవడు సారూ. చెప్పులు జర బయట ఇడ్సు."

ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఆమె రెక్కలు పట్టి పైకి లాగారు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని లాగడం తేలిక కాదు. ముగ్గురు పట్టాల్సి వచ్చింది. జోగమ్మను గుమ్మం దాటించారో లేదో, సమీనా జరిగి ఆమె జాగాలో కాళ్లు దించింది. నాడె ఆగలేదు. సమీనాను లాగారు. ఖతీజాబీ దిగింది. ఆమె ఏనాడూ నేసిన మనిషి కాదు. నాడె ఎటో పోయింది, పోగులు చిక్కుపడ్డాయి, అయినా చప్పుడు మాత్రం చేస్తూనే ఉంది. ఆమెను లాగితే దినేష్ పెళ్లాం వనజ దిగింది.

ముగ్గురు, నలుగురు, తొమ్మిదిమంది. వ్యాన్లు నిండాయి. జోగమ్మ గుంటే ఇంకా ఖాళీ కాలేదు. సంచిలో తాళాలు సంచిలోనే తిరిగిపోయాయి.

మధ్యాహ్నం స్టేషన్ ముందు మూడొందల మందిమి. చదువుకున్నవాణ్నని నన్ను లోపలికి రానిచ్చారు. స్టేషన్ రైటర్ కేసు రాశాడు. సమీనా నా దగ్గర ఇంటర్ చదివిన పిల్ల. కాగితం మీద సంతకం పెట్టమంటే, చదివిగానీ పెట్టనన్నది. నాకు ఆలస్యంగా వచ్చిన తెలివి ఆ పిల్లకు వేళకు వచ్చింది. చదివింది. చదివి నవ్వింది. పోలీస్ స్టేషన్‌లో అంత గట్టిగా నవ్విన ఆడపిల్లను నేను చూడలేదు.

"అవ్వా, ఇను," అని జోగమ్మకు వినిపించింది. "సదరు జోగమ్మ నడుచుచున్న మగ్గంపై కూర్చుండి, నేత పని చేయుచు, లేవమని పలుమార్లు ఆదేశించినను లేవక, ప్రభుత్వోద్యోగుల విధులకు ఆటంకము కలిగించినది."

జోగమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అన్నది. "అంటే, నడుస్తుందని సర్కారే రాసిందా?"

"స్టేషన్ ముద్ర గుద్ది మరీ రాసింది అవ్వా. సార్, గీ కాగితం నకలు మాకు ఇయ్యాలె. కానూన్ ఉంది."

నకలు ఇచ్చారు. జోగమ్మను రిమాండుకు పంపి, మిగతావాళ్లను సాయంత్రానికి వదిలేశారు. స్టేషన్ అరుగు మీదే సమీనా ప్రశ్న రాసింది. నేను పెన్ను మాత్రం అందించాను. ఈసారి ఎందుకు అందిస్తున్నానో తెలిసి అందించాను.

"గౌరవ మంత్రి దయచేసి తెలియజేస్తారా? (అ) షెడ్ల కాలనీలో నడుస్తున్న మగ్గాలు లేవన్నది నిజమేనా? (ఆ) నిజమైతే, జోగమ్మను ఏ మగ్గం మీద నుంచి అరెస్టు చేశారు?"

శాసనమండలి సభ్యునికి ఫోనులో చదివి వినిపించాను. "జర ఘాటుగ ఉంది శ్రవణ్. ఆలోచిద్దాం," అన్నాడు.

"ఆయన ఆలోచించుకోనియ్యి. మనం అడుగుదాం," అన్నాడు బుచ్చయ్య.

బాబు మియా పట్టుకు వేసే ఎర్ర రంగు గంజిలో కలిపి తెచ్చాడు. నలభై ఎనిమిది గోడల మీద ఆ ప్రశ్న రాశాం. పెబ్బేరు సంతలో కరపత్రాలు పంచాం. వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల విద్యార్థులు తమ గోడల మీద రాసుకున్నారు. మూడో రోజు మున్సిపాలిటీ మనుషులు వచ్చి మా గోడలకు సున్నం కొట్టి పోయారు. మర్నాటికి సున్నంలోంచి ఎరుపు పైకి తేలింది. బాబు మియా నవ్వాడు. "ఉడుకు నీళ్లల్ల ఉడకబెట్టినా పోని రంగది. సున్నానికి పోతదా?"

జోగమ్మ బెయిలు మీద వచ్చిన రోజు ఇంట్లోకి పోలేదు. నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. ఖతీజాబీ చిక్కు చేసిన పోగులు ఇంకా అట్లాగే ఉన్నాయి. గుంటలో దిగి, ఒక్కొక్కటే విడదీసి ముడి వేయడం మొదలుపెట్టింది.

"సారూ, జవాబొచ్చిందా?" అని అడిగింది తల ఎత్తకుండా.

"రాలేదు అత్తా."

"రానియ్యి," అన్నది. చెయ్యి చాచి సమీనాను పక్కకు రమ్మంది. "అప్పటిదాంక ఈడికెల్లి లెవ్వం."