మింగిన వాక్యం

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకున్నాయి. సూర్యప్రభ మొగుడి షేర్వాణీని బల్ల మీద పరిచి చేతుల మడతలు సాపు చేస్తోంది. సాయంత్రం శాలిబండ గ్రంథాలయంలో సాహిత్య సభ ఉంది. అక్కడ చదవబోయే కవిత ఆమె రాసిందే. చదివేది మాత్రం ఈ షేర్వాణీ తొడుక్కునే మనిషి.

"ఇగో, నువ్వు పరదా వెనక ఆడోళ్లతోని కూసో. నేను చదువుత. నాది నిద్రపోయే జడ్జిని లేపే గొంతు" అన్నాడు సదాశివరావు. ఆయన వకీలు.

"ఇగో" అనేది ఆ ఇంట్లో ఆమె పేరు. అత్తగారు రమాబాయికి ఆమె "ఓ పిల్లా". పెళ్లాం మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని లాల్‌దర్వాజా గల్లీలో అందరికీ తెలుసు. మొగుడు పెళ్లాం పేరు పలికితే ఏం తగ్గుతుందో ఏ శాస్త్రమూ చెప్పలేదు, పరువే అయ్యుంటుంది.

కాలేజీలో మాత్రం ఆమె సూర్యప్రభే. ఆడపిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. పరదాలు కట్టిన బస్సు గల్లీ మొదట ఆగేలోగా పప్పు దించి, అన్నం వార్చి పరుగెత్తాలి. "ఇంగ్లీషు చెప్పే కోడలని పేరే గని, పచ్చిపులుసు ఉట్టి నీళ్లే" అని అత్తగారు గడపదాకా సాగనంపేది. బస్సు పరదా పడగానే ఆ పులుసూ ఆ మాటా వెనకబడిపోయేవి, రాస్తున్న నవలలో ఆగిన చోటు గుర్తుకొచ్చేది. రెండు నవలలూ ఆ కుదుపుల్లో అల్లుకున్నవే. క్లాసులో ఏ పిల్లయినా పద్యంలో ఓ పాదం మింగేస్తే, పుస్తకంలోంచి తలెత్తకుండానే "మింగినవ్, మళ్ల చదువు" అనేది. వెనక బెంచీ దాకా వినిపించేదాకా వదిలేది కాదు.

మొదటి నవల అట్ట మీద "శ్రీమతి సదాశివరావు" అని పడింది. కోర్టు కచేరీలో అందరూ ఆయన్నే మెచ్చుకుంటే, తానే రాసినట్టు దండాలు పెట్టి వచ్చాడు. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇప్పుడు, యుద్ధం వల్ల కాగితమే దొరకని రోజుల్లో, రెండో నవల వేస్తామని సభవారు ముందుకొచ్చారు. ఏ పేరుతో వేసేదీ ఈ సాయంత్రమే తేలుతుంది.

"ఈసారి నా పేరు ఉండాలె" అంది, ఇస్త్రీ ఆపకుండా.

"ఏం, నా పేరు చేదయ్యిందా?" అని నవ్వి, షేర్వాణీ అందుకున్నాడు.

సభలో పరదా వెనక ఆమె పక్కన, అదే కాలేజీలో ఫారసీ చెప్పే ఖైసర్ బేగం కూర్చుంది. పరదా అవతల సదాశివరావు గొంతు ఖంగుమంటోంది. బాగానే చదువుతున్నాడు, అబద్ధమెందుకు. పొయ్యి గురించి చదివాడు, తడి కొంగు గురించి చదివాడు. ఆ తర్వాత రావలసిన పాదం రాలేదు. "నా పేరడిగితే ఈ ఇల్లు ఆయన పేరు చెప్పింది" అన్న పాదాన్ని సాఫీగా దాటేసి ముందుకు పోయాడు.

"మింగిండ్రు. మళ్ల చదువుండ్రి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని సూర్యప్రభకు ఒక క్షణం తర్వాత తెలిసింది. హాల్లో తలలన్నీ పరదా వైపు తిరిగాయి. ఖైసర్ బేగం ఆమె మోచేయి పట్టుకుని, "అరె వాహ్ బహెన్, అబ్ రుకో మత్" అంది గుసగుసగా, ఇక ఆగొద్దని.

"ఏందమ్మా, ఏం మింగిండు?" అన్నాడు అధ్యక్షుడు, ముసలి బసవయ్య.

ఆ పాదాన్ని పరదా వెనక నుంచి అప్పజెప్పడం ఆమెకు నచ్చలేదు. పరదా పక్కకు లాగి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. క్లాసులో నిలబడ్డట్టే ఉంది. కాగితం చూడకుండా మొదటి నుంచి చివరిదాకా చదివింది. మింగిన పాదం దగ్గర ఒక్క క్షణం ఆగింది, వినని వాళ్లెవరూ మిగలకూడదని. పరదా వెనక నుంచి గాజుల చేతుల చప్పట్లు ముందు మొదలయ్యాయి.

బసవయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మరి నవల మీద ఏం పేరు వేద్దాం, వకీలు సాబ్?"

"శ్రీమతి సదా..." అని మొదలుపెట్టి, సదాశివరావు పెళ్లాం వైపు చూసి ఆగాడు. ఆమె తిట్టలేదు, బతిమాలలేదు. క్లాసులో జవాబు కోసం ఎదురుచూసినట్టు చూస్తోంది, ఎంతసేపైనా చూస్తుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయినప్పటి నుంచి ఆ నోట రాని మాట, జడ్జిని లేపే ఆ గొంతులోంచి చీమకు కూడా వినబడనంత సన్నగా వచ్చింది.

"సూర్యప్రభ."

"జర గట్టిగ చెప్పుండ్రి" అంది సూర్యప్రభ. "పరదా వెనకకు వినరావాలె."