నాన్స్ పేరు ఎదుటి అక్షరం

జోరీ నాన్స్ పేరు దగ్గరికి రాగానే సైలస్ ట్రెవిన్ వేలు పట్టీ మీద ఆగిపోయేది. నాలుగేళ్లుగా అంతే. యుద్ధనౌకలో గుమాస్తాగా కళాసీలను పేరుపేరునా పిలిచి హాజరు వేయడం అతని పని. రెండు వందల పన్నెండోదైన జోరీ పేరును పిలవకుండా దాటెయ్యాలి, ఎందుకంటే దాని ఎదుట ‘ఆర్’ అనే అక్షరం ఉంది. ‘రన్’, అంటే పారిపోయాడని దానర్థం. ఆ అక్షరం పడ్డవాడికి అప్పటిదాకా చేసిన కొలువు జీతం దక్కదు. ఇంటి దగ్గర పెళ్లానికి నెలనెలా అందే సగం జీతమూ ఆగిపోతుంది. సైలస్ ఆ పేరు దాటేసి తర్వాతి పేరు అందుకునేలోపు వరసలో ఎక్కడినుంచో, నోట్లో నీళ్లు నిండినవాడి గొంతుతో “ఉన్నానండీ” అని వినిపించేది. తలెత్తి చూస్తే ఎవరూ పలికినట్టుండరు.

పద్దెనిమిది వందల రెండో ఏట వసంతంలో ఫ్రాన్సుతో సంధి కుదిరింది. ఓడను ప్లిమత్ రేవుకు తెచ్చి, జీతాలిచ్చి అందరినీ ఇళ్లకు పంపేస్తున్నారు. పిలిచినవాడు వచ్చి టోపీ తీసి చాపితే అందులో డబ్బు పోస్తున్నారు.

“టోపీకి చిల్లుందేమో చూసుకోరా, రేవు దాటకముందే సారాకొట్టులో కారిపోతుంది!” అని వెనకనుంచి ఎవడో అరిస్తే, “నీ గొంతుకుంది చిల్లు!” అన్నాడు టోపీవాడు. డెక్కంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే సైలస్‌కు మళ్లీ ఆ గొంతు వినిపించింది. ఈసారి జీతాల బల్లకు అవతల, చాలా దగ్గరగా. వంగి చూస్తే టోపీ చాపినవాడు తప్ప ఎవరూ లేరు.

సాయంత్రానికి డెక్కు ఖాళీ అయింది. అప్పుడొచ్చిందామె. ముప్పై ఏళ్లుంటాయి. చేపలకు ఉప్పు పట్టించీ పట్టించీ వేళ్లు పగిలిపోయి ఉన్నాయి.

“గుమాస్తా గారంటే మీరేనా? నేను లవ్‌డేని. కాసాండ్‌లో ఉంటాను. జోరీ నాన్స్ పెళ్లాన్ని.”

సైలస్ లేచి నిలబడ్డాడు. “అమ్మా, నీ సగం జీతం సంగతైతే...”

“జీతం కోసం రాలేదయ్యా. మా ఆయన ఏ దేశం పోయాడో ఎవరికైనా చెప్పాడేమోనని వచ్చా. అమెరికానా? మా ఊరి ఆడాళ్లు అక్కడెవత్తినో తగులుకున్నాడంటారు. తగులుకోనీ. బతికున్నాడు కదా, ఎప్పటికైనా మొహం చూపిస్తాడు.”

ఆమె నవ్వబోయింది. సైలస్ పట్టీ మూసి పక్కన పెట్టాడు.

నాలుగేళ్ల కిందటి నవంబరులో ఓడ కాసాండ్ తీరానికి అరమైలు దూరంలో లంగరు వేసి ఉంది. జోరీ వడ్రంగి పని తెలిసినవాడు. ఓడ పక్కన తాళ్లతో కట్టిన పలక మీద కూర్చుని, చెక్కల సందుల్లో నార కూరి తారు పూస్తున్నాడు. పొద్దు వాలుతుండగా మంచు కమ్మేసింది. కిందనున్న సైలస్ గది కిటికీలోంచి కేక వినిపించింది. “తాడు! తాడు వెయ్యండి!” రెండుసార్లు.

సైలస్ లేవలేదు. అంతకు వారం ముందే ఇద్దరు అక్కడినుంచే ఈదుకుంటూ పారిపోయారు. ఒకణ్ని పట్టుకొచ్చి వీపు చీలిపోయేలా కొరడాతో కొట్టారు. వీడెవడో అలాంటివాడే అయి ఉంటాడు, ఏ చేపల పడవనో తాడు వెయ్యమంటున్నాడు, నేను అరిస్తే దొరికిపోతాడు, ఆ పడవే ఎక్కించుకుంటుందిలే అనుకున్నాడు. జాలిపడ్డాడు. జాలిపడే కిటికీ మూశాడు.

మూడు హాజర్లకు జోరీ పలకలేదు. ఆ కేక ఎవరిదో సైలస్‌కు అప్పుడు అర్థమైంది. “ఇల్లు కళ్లెదుట కనబడుతుంటే ఆగుతాడా? ఆర్ వెయ్యి,” అన్నాడు కెప్టెన్. అలాంటి వాళ్లకు అదే నిబంధన. కేక విన్నానని చెబితే ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. సైలస్ ఆర్ వేశాడు.

ఇదంతా ఆమెకు చెప్పేశాడు. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది.

“ఇంకేమన్నాడు?”

“తాడు అన్నాడమ్మా. అంతే.”

“నా పేరు?”

“లేదు.”

లవ్‌డే రేవు వైపు తిరిగింది. “మీ ఆర్‌లో మా ఆయన బతికే ఉన్నాడయ్యా,” అంది. “రోజూ తలుపు గడియ పెట్టకుండా పడుకున్నా. ఇప్పుడేం చెయ్యను నేను?” ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడే సైలస్ న్యాయాధికారి దగ్గరికి పోయి, కేక విన్నదీ, కిటికీ మూసిందీ ప్రమాణం చేసి రాయించాడు. ఆ కాగితం లండన్‌లోని నౌకాదళ కచేరీకి చేరింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆర్ కొట్టేసి, చనిపోయినందున కొలువు ముగిసినట్టు రాశారు. అప్పటిదాకా రావలసిన జీతం భార్యకు ఇమ్మన్నారు. గుమాస్తా ట్రెవిన్‌కు ఇకపై ఏ ఓడలోనూ ఉద్యోగం లేదన్నారు.

ఆగస్టులో లవ్‌డే రమ్మని కబురు పంపితే సైలస్ వెళ్లాడు. కాసాండ్ చర్చి దగ్గర రాతిపనివాడు పలకరాయి ముందేసుకుని కూర్చున్నాడు. జోరీ పేరు అప్పటికే చెక్కి ఉంది. ఆమె నల్లబట్టల్లో గోడ దగ్గర నిలబడి ఉంది.

“తేదీ కావాలంట,” అంది. “అది మీకు తప్ప ఎవరికీ తెలీదు.”

“నవంబరు పందొమ్మిది.”

“పొద్దున్నా, సాయంత్రమా?”

“సాయంత్రం. నాలుగున్నర దాటింది.”

రాతిపనివాడు తలెత్తి, “టైము కూడా చెక్కాలా తల్లీ?” అన్నాడు.

“వద్దు. నాకు తెలియాలనే అడిగా,” అంది లవ్‌డే. ఆ తర్వాత సైలస్ వైపు తిరిగింది. “ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని వల అల్లుతున్నా. నాకేం వినబడలేదు.”

ఆమె ఆ మాట తనను ఓదార్చడానికి అన్నదో, తన్ను తాను తిట్టుకోవడానికి అన్నదో సైలస్‌కు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. ఉలి దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. తేదీలోని చివరి అంకె పూర్తయ్యేదాకా ఇద్దరూ అక్కడే, చెరో పక్కన, ఎండలో నిలబడి ఉన్నారు.