కమ్రుల్ పేరిట బోరింగు

మేఘనా నది ఒడ్డున మా ఊళ్ళో తెల్లారితే మొదటి పని ఇది. బోరింగు కొట్టి బిందె నింపి, ఆ ఇంటి పిల్లల్ని పిలిచి బిందెలోకి చూడమంటారు. పాలపళ్ళు ఉన్నంతకాలం పిల్లలకు నేలలోంచి తమ ఇంటి నీళ్ళలోకి ఊరే విషం ఎర్రగా కనబడుతుంది. పక్కింటి నీళ్ళలో కనబడదు, పళ్ళు రాలాక ఎక్కడా కనబడదు. పిల్ల తల ఊపితే బియ్యం కడుగుతారు, లేదంటే బిందె పారబోసి ఇంకో ఇంటికి పోతారు. ఆఫీసువాళ్ళు ఎప్పుడో వచ్చి మంచి బోరింగులకు పచ్చరంగు, చెడ్డవాటికి ఎర్రరంగు వేసి వెళ్ళారు. మళ్ళీ వాళ్ళ ముఖం చూసినవాళ్ళు లేరు.

మొఫిజ్ ముసలాయన వాకిట్లోది పచ్చ బోరింగు. పడవ మునిగి చనిపోయిన పెద్దకొడుకు కమ్రుల్ పేరిట వేయించాడు. నలుగురూ తాగినన్నాళ్ళూ ఆ పుణ్యం పోయినవాడికి చేరుతుందని మా నమ్మకం. అందుకే ఆయన దారిన పోయేవాళ్ళను కూడా వదలడు. "ఏమయ్యా, మా నీళ్ళు చేదా? తాగి పో!" అని చేయి పట్టుకుని లాగుతాడు.

ఆ ఇంట్లో నీళ్ళు చూసేది కమ్రుల్ కూతురు జొనాకి. వానలు వెనకబట్టాక ఒకరోజు బిందెలోకి చూసి, "దాదా, ఎర్రగా ఉంది" అంది.

తాత చుట్టూ చూశాడు. "గట్టిగా అరవకు. మీ అబ్బాకు నీళ్ళు ఆపేస్తావటే?"

తండ్రికి నీళ్ళు ఆపే పిల్ల ఎక్కడైనా ఉంటుందా! నోరు మూసుకుంది. మర్నాడు ముసలాయన బోరింగుకు ఇంకో పూత పచ్చరంగు కొట్టాడు. జనం జొనాకి వంక చూసేవాళ్ళు, ఆమె తల ఊపేది, వాళ్ళు తాగేవాళ్ళు. తను మాత్రం దాహమైతే అవతలి వీధికి పోయి తాగి వచ్చేది.

చలికాలంలో ఆ ఇంటి చిన్నకోడలు షెఫాలీ నెల తప్పింది. ఒక మధ్యాహ్నం చెంబు ఎత్తి తాగబోతూ, "ఏమిటే అలా గుడ్లప్పగించి చూస్తావు? చాచీ తాగితే నీ వాటా తరిగిపోతుందా?" అని ఎకసెక్కమాడింది.

చెంబు అంచుదాకా ఎరుపే. జొనాకి గబుక్కున చెంబు మీద చెయ్యి అడ్డుపెట్టింది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న తాత వైపు తిరిగింది.

"దాదా, మనవాళ్ళు తాగితే అబ్బాకు చేరుతుందన్నావు కదా?"

"చేరుతుంది తల్లీ."

"మరి ఈ ఎరుపు కూడా అబ్బాకే చేరుతోందా?"

మొఫిజ్ చేతుల్లోంచి వల జారిపోయింది. ఆయనకు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు. షెఫాలీకి అంతా అర్థమై చెంబు ఒంచేసింది. బిందె చంకన పెట్టుకుని అవతలి వీధికి నడిచింది. ఆ వీధి నీళ్ళతోనే నెలలు నిండేదాకా మోసి, పండులాంటి పిల్లను కన్నది.

ముసలాయన రెంచి తెచ్చి బోరింగు పిడి ఊడదీశాడు. సాయంత్రం నీళ్ళకు వచ్చిన జాలరి ఒకడు నవ్వాడు. "ఏం పెద్దాయనా, పుణ్యం ఇక చాలనుకున్నావా?"

మొఫిజ్ పిడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మావాడు ఇన్నాళ్ళూ ఎలా తాగాడో ఏమో" అన్నాడు.